దారి మారితే ఇంగ్లీషులో ఏ మాట వాడాలి: డైవర్షన్ నుంచి డీటూర్ దాకా సమగ్ర మార్గదర్శి

రోడ్డు బంద్ అయినా, చుట్టు తిరిగి వెళ్లినా, కాలనీ సందుల్లోంచి వచ్చినా, ఊరి బయటి నుంచి పోయినా మన దగ్గర చాలామంది నోటికి వచ్చే ఇంగ్లీషు మాట ఒకటే, డైవర్షన్. హనుమకొండలో అది చెల్లుతుంది, ఎందుకంటే వినేవాళ్లకు ఆ రోడ్డు ఎటూ తెలుసు. కానీ క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్న బయటి రాష్ట్రం ప్యాసింజర్‌కు, ఆఫీసు కాల్‌లో ఎదురుచూస్తున్న మేనేజర్‌కు, అమెరికాలో కొత్తగా కారు నడుపుతున్న మన పిల్లలకు ఆ ఒక్క మాట సరిపోదు. ఎందుకు లేటైందో, ఎటు నుంచి వస్తున్నామో, ఎవరు తిప్పారో వాళ్లకు అర్థం కావాలంటే సరైన మాట పడాలి.

ఈ పనికి ఇంగ్లీషులో పది పదిహేను మాటలున్నాయి. జాబితా రాసుకుని బట్టీ పడితే వారానికి మరిచిపోతారు, అదే మనం రోజూ తిరిగే తొవ్వల మీద పెట్టుకుని నేర్చుకుంటే ఆ మూల మలుపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మాట దానంతటదే గుర్తొస్తుంది. అందుకే ఉదాహరణలు ఎక్కువగా వరంగల్ చుట్టుపక్కలవే తీసుకున్నాను.

మొదటి మెట్టు: దారి ఎవరు మార్చారో తేల్చుకోండి

నోరు తెరిచే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తికమక పోతుంది. దారి మారడానికి మూడు రకాల కారణాలుంటాయి. పోలీసులో, రోడ్డు పని చేసేవాళ్లో మార్చి ఉండాలి, లేదా మనమే కావాలని మార్చుకుని ఉండాలి, లేదా ఊరు తగలకుండా పోయే రోడ్డు ముందు నుంచే వేసి ఉండాలి. మూడింటికీ వేర్వేరు మాటలు.

ఎవరో మారిస్తే డైవర్షన్. వానాకాలంలో కటాక్షాపూర్ చెరువు మత్తడి పడి నీళ్లు రోడ్డు మీదికి వస్తే ములుగు పోయే బండ్లు ఆగిపోతాయి, పోలీసులు అడ్డంగా బారికేడ్ పెట్టి వేరే దారికి పంపిస్తారు. ఇది అచ్చమైన డైవర్షన్. "ద ములుగు రోడ్ ఈజ్ క్లోజ్డ్, ట్రాఫిక్ ఈజ్ బీయింగ్ డైవర్టెడ్ త్రూ పర్కాల" అనాలి, అంటే ములుగు రోడ్డు మూసేశారు, బండ్లను పర్కాల మీదుగా పంపుతున్నారు అని. ఇక్కడ డైవర్ట్ అనేది పైవాళ్లు చేసే పని. మనం డ్రైవర్ సీట్లో ఉండి "ఐ డైవర్టెడ్" అంటే విన్నవాడికి దేన్ని డైవర్ట్ చేశావో అర్థం కాదు. "ఐ వాజ్ డైవర్టెడ్" అంటే నన్ను తిప్పి పంపారు అని, అది సరైనదే.

మనమే మారితే డీటూర్. ఏటూరునాగారం పోతూ పోతూ జంగాలపల్లి దగ్గర లోపలికి మళ్లి పాలంపేటలో రామప్ప గుడి చూసి, మళ్లీ వచ్చి మెయిన్ రోడ్డు ఎక్కామనుకోండి. "వీ మేడ్ ఎ డీటూర్ టు సీ రామప్ప." 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఇలా మళ్లి చూసి వెళ్లేవాళ్లు మన బంధువుల్లోనే ఎంతోమంది ఉంటారు కాబట్టి ఈ వాక్యం మీకు ఎప్పటికైనా పనికొస్తుంది. డీటూర్‌లో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అసలు గమ్యం మారదు, కొంచెం పక్కకు వెళ్లి మళ్లీ మన దారిన మనం పడతాం. ములుగులోనే దిగిపోయి ప్రయాణం మానుకుంటే అది డీటూర్ కాదు.

ఒక చిక్కు ఉంది. అమెరికాలో ఎవరో మూసేసి తిప్పినదాన్ని కూడా డీటూర్ అనే అంటారు. దాని సంగతి నాలుగో మెట్టులో వస్తుంది.

రోడ్డు అలాగే వేసి ఉంటే బైపాస్. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు హైవే భువనగిరి ఊళ్లోకి, జనగామ ఊళ్లోకి పోకుండా పక్క నుంచి వచ్చేస్తుంది, అది బైపాస్. ఇది అందరికీ వచ్చిన మాటే, కానీ దాని ముందు పెట్టే క్రియ దగ్గర తడబడతారు. "వీ వెంట్ ఇన్ బైపాస్" అనకండి, "వీ టుక్ ద బైపాస్" అనండి. లేదా బైపాస్‌నే క్రియగా వాడండి, "వీ బైపాస్డ్ జనగామ", జనగామ ఊళ్లోకి పోకుండా వచ్చాం అని.

రెండో మెట్టు: త్రూ, అరౌండ్, వయా తేడా పట్టుకోండి

నిజానికి డీటూర్, డైవర్షన్ కంటే ఈ చిన్న మాటలే ఎక్కువ పని చేస్తాయి. పెద్ద మాట గుర్తురాకపోయినా వీటితో గట్టెక్కవచ్చు.

త్రూ అంటే లోపలి నుంచి. అరౌండ్ అంటే బయటి నుంచి చుట్టూ. "త్రూ జనగామ" అంటే ఊళ్లోంచి వచ్చారు, బస్టాండు, మార్కెట్టు అన్నీ దాటుకుంటూ. "అరౌండ్ జనగామ" అంటే ఊరు తగలకుండా వచ్చారు. ఒక్క మాట మారితే దారే మారిపోతుంది, ప్యాసింజర్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇది చాలా అవసరం.

వయా మనకు బస్సు బోర్డుల మీద చిన్నప్పటి నుంచి తెలిసిందే, మీదుగా అని అర్థం. వరంగల్ నుంచి ఖమ్మం పోవడానికి తొర్రూరు మీదుగా ఒక దారి, మహబూబాబాద్ మీదుగా ఒక దారి. "ఆర్ యూ గోయింగ్ వయా తొర్రూర్ ఆర్ వయా మహబూబాబాద్?" అని అడిగితే చాలు. వయా ముందు "బై" తగిలించి "బై వయా" అనడం, వెనకాల "త్రూ" తగిలించడం రెండూ తప్పే, వయాలో మీదుగా అనే అర్థం ముందే ఉంది. కొందరు దీన్ని వీయా అని కూడా పలుకుతారు, విని కంగారు పడకండి. విమానాలకు కూడా ఇదే మాట, "ఐయామ్ ఫ్లయింగ్ వయా దోహా."

రూట్ అనే మాటను క్రియగా కూడా వాడవచ్చని చాలామందికి తట్టదు. మేడారం జాతర దీనికి మంచి ఉదాహరణ. రెండేళ్లకోసారి జరిగే ఆ జాతరకు ట్రాఫిక్ అంతా ముందే ప్లాన్ వేసి పెడతారు, మామూలుగా వరంగల్ వైపు నుంచి వచ్చే ప్రైవేటు బండ్లను పస్రా, నార్లాపూర్ మీదుగా పంపిస్తారు, ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి దారి వదిలిపెడతారు, తిరుగు ప్రయాణంలో ప్రైవేటు బండ్లు భూపాలపల్లి, పర్కాల వైపు నుంచి వస్తాయి. ఇది ఇంగ్లీషులో చెప్పాలంటే "ప్రైవేట్ వెహికల్స్ ఆర్ రూటెడ్ వయా పస్రా, అండ్ బసెస్ వయా తాడ్వాయి." అలా ప్లాన్ ప్రకారం నడుస్తుండగా ఎక్కడో జామై మధ్యలో మళ్లీ మారిస్తే అప్పుడు "రీరూటెడ్". ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒక మలుపు వదిలేస్తే తెర మీద వచ్చే రీరూటింగ్ కూడా ఇదే. ఇంగ్లండులో దీన్ని రూట్ అనే పలుకుతారు, అమెరికాలో కొందరు రౌట్ అంటారు.

మూడో మెట్టు: "దారిలోనే", "దారి తప్పించి" – వే అనే మాటతో పని

ఇక్కడ కాస్త ఆగి నిదానంగా చదవండి, రోజూ మనుషులతో మాట్లాడేటప్పుడు ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

మీరు నక్కలగుట్టలో ఉన్నారు, కాజీపేట స్టేషన్‌కు పోతున్నారు. ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి సుబేదారి దాకా లిఫ్ట్ దొరుకుతుందా అని చూస్తున్నాడు, ఇంకో అమ్మాయి వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దగ్గర దిగాలి. సుబేదారి మీరు పోయే వైపే, కాబట్టి "కమ్, ఇట్స్ ఆన్ మై వే." ఎంజీఎం పూర్తిగా అటువైపు, అక్కడికి పోవాలంటే వెనక్కి తిరగాలి. "ఇట్స్ అవుట్ ఆఫ్ మై వే", అంటే నా దారికి అది పక్కన పడుతుంది అని. అడిగేవాళ్లు మర్యాదగా అడగాలంటే "కెన్ యూ డ్రాప్ మీ అట్ ఎంజీఎం, ఇఫ్ ఇట్స్ నాట్ అవుట్ ఆఫ్ యువర్ వే?" అనాలి. మనం తెలుగులో "మీకు దారి అయితేనే అన్నా, లేకపోతే వద్దు" అంటాం చూడండి, సరిగ్గా ఆ మర్యాద ఈ వాక్యంలో ఉంది.

ఇక జాగ్రత్త పడాల్సినవి. "ఐయామ్ ఆన్ మై వే" అంటే నేను బయల్దేరాను, దారిలో ఉన్నాను. "ఇట్స్ ఆన్ మై వే" అంటే ఆ చోటు నేను పోయే దారిలోనే ఉంది. మొదటి మాట మారింది అంతే, కానీ అర్థం వేరు. "యూ ఆర్ ఇన్ మై వే" అంటే నువ్వు నాకు అడ్డం ఉన్నావు అని, కోపంగా వినిపిస్తుంది, లిఫ్ట్ ఇచ్చే ఉద్దేశంతో ఆ మాట అన్నారో ఎదుటివాళ్లు పక్కకు జరుగుతారు. "షీ వెంట్ అవుట్ ఆఫ్ హర్ వే టు హెల్ప్ అజ్" అంటే ఆమె దారి తప్పిందని కాదు, తన పని పక్కన పెట్టి మరీ మనకు సాయం చేసిందని. ఎవరైనా మీకు అలా చేస్తే థ్యాంక్స్‌తో పాటు ఈ వాక్యం రాయండి, చాలా బాగుంటుంది.

చుట్టు తిరిగి రావడానికి "ద లాంగ్ వే రౌండ్" అనే మంచి మాట ఉంది, అమెరికాలో "అరౌండ్" అంటారు. హనుమకొండ నుంచి వరంగల్ రావడానికి ములుగు రోడ్డు ఒకటి, హంటర్ రోడ్డు ఒకటి ఉన్నాయి కదా, మీ పని ఎంజీఎం దగ్గర అయినా ట్రాఫిక్‌కు భయపడి హంటర్ రోడ్డు పట్టుకుని వస్తే "ఐ టుక్ ద లాంగ్ వే రౌండ్". దూరం ఎక్కువైనా పర్వాలేదనుకున్నాం అన్న సంగతి అందులోనే తెలిసిపోతుంది. చూడటానికి బాగుంటుందని పోతే "ద సీనిక్ రూట్". తాడ్వాయి అడవి మీదుగా పోయే దారిని అలా అనవచ్చు. వచ్చిన దారినే వెనక్కి పోవాల్సి వస్తే "బ్యాక్‌ట్రాక్" లేదా "డబుల్ బ్యాక్". వరంగల్ స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జిలో వాన నీళ్లు నిలిచి, అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిప్పుకుంటే "ద అండర్‌పాస్ వాజ్ ఫ్లడెడ్, సో వీ హ్యాడ్ టు డబుల్ బ్యాక్." ఇంగ్లీషులో దాన్ని అండర్‌పాస్ అంటేనే బయటివాళ్లకు తొందరగా తెలుస్తుంది.

అడ్డదారి షార్ట్‌కట్, ఇది తెలిసిందే. "టేక్ ఎ షార్ట్‌కట్" అనాలి. కాలనీ మధ్యలోంచి కోసుకుంటూ పోతే "కట్ త్రూ". "వీ కట్ త్రూ ద కాలనీ టు అవాయిడ్ ద సిగ్నల్." ఇంగ్లండులో అలా ఇళ్ల మధ్య వీధుల్ని బండ్లవాళ్లు అడ్డదారిగా వాడుకుంటే ఆ వీధిని "ర్యాట్ రన్" అంటారు, అందులో అక్కడ ఉండేవాళ్ల విసుగు ఉంటుంది కాబట్టి మంచి మాటగా వాడకండి.

నాలుగో మెట్టు: ఏ దేశంలో ఏ బోర్డు

మన పిల్లలు ఎక్కువగా పోయేది అమెరికా, ఇంగ్లండు కాబట్టి ఆ రెండూ చెప్తాను.

మన రోడ్ల మీద "టేక్ డైవర్షన్" అని బోర్డు ఉంటుంది. ఇంగ్లండులో కూడా డైవర్షన్ అనే మాటే, పసుపు రంగు బోర్డు, అయిపోయిన చోట "డైవర్షన్ ఎండ్స్". అక్కడి పెద్ద రోడ్ల మీద పసుపు పచ్చ గడిలో నల్లటి చతురస్రం, త్రిభుజం, వృత్తం, డైమండ్ లాంటి గుర్తులు కూడా కనిపిస్తాయి. ప్రమాదం జరిగి రోడ్డు మూస్తే "త్రిభుజం గుర్తు వెంట వెళ్లండి" అని చెప్తారు, ఆ గుర్తు పట్టుకుని పోతే మళ్లీ అసలు రోడ్డుకే చేరతాం.

అమెరికాలో అదే నారింజ రంగు బోర్డు మీద డీటూర్ అని ఉంటుంది. డీ అక్షరం మీద ఒత్తు పెట్టి పలకండి, డీ-టూర్. అక్కడ డైవర్షన్ అంటే చాలామందికి ముందు తట్టేది దృష్టి మళ్లించడం, కాలక్షేపం. అందుకే అమెరికా వాళ్లతో మాట్లాడేటప్పుడు పోలీసులు తిప్పినా "దేర్ వాజ్ ఎ డీటూర్" అనే చెప్పండి.

అమెరికాలో ఇంకో బోర్డు కొత్తవాళ్లను బాగా టెన్షన్ పెడుతుంది, "రోడ్ క్లోజ్డ్ టు త్రూ ట్రాఫిక్". త్రూ అనే మాటను అక్కడ పొట్టిగా టీ, హెచ్, ఆర్, యూ నాలుగక్షరాలతోనే రాస్తారు. రోడ్డు పూర్తిగా మూసేశారని దీనర్థం కాదు. ఆ వీధిలో ఇల్లో, షాపో ఉన్నవాళ్లు పోవచ్చు, అవతలికి దాటిపోయే బండ్లు మాత్రం రాకూడదు. "లోకల్ ట్రాఫిక్ ఓన్లీ" కూడా అదే అర్థం.

ఊరి చుట్టూ తిరిగే రోడ్డును మనం, ఇంగ్లండు వాళ్లు రింగ్ రోడ్ అంటాం. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఓఆర్ఆర్ మనందరికీ తెలుసు, వరంగల్ నుంచి పోయేవాళ్లు ఘట్‌కేసర్ దగ్గర దాన్ని ఎక్కితే ఉప్పల్ ట్రాఫిక్ తగలకుండా గచ్చిబౌలి వైపు పోవచ్చు. లండన్ చుట్టూ ఉన్నది ఎం25, అది మోటార్‌వే. అమెరికాలో వీటిని బెల్ట్‌వే అనో, లూప్ అనో అంటారు, వాషింగ్టన్‌లో బెల్ట్‌వే, హ్యూస్టన్‌లో లూప్, అట్లాంటాలో అయితే పెరిమీటర్ అనే పేరే స్థిరపడింది. హైవే పక్కన ఉండే మన సర్వీస్ రోడ్డును అక్కడ ఎక్కువ చోట్ల ఫ్రంటేజ్ రోడ్ అంటారు. మన డివైడర్ అమెరికాలో మీడియన్, ఇంగ్లండులో సెంట్రల్ రిజర్వేషన్. యూటర్న్‌కు మనం "టేక్" వాడతాం, అమెరికావాళ్లు "మేక్ ఎ యూటర్న్" అంటారు.

రౌండబౌట్ దగ్గర జాగ్రత్త. అంబేద్కర్ సర్కిల్ లాంటి మధ్యలో చుట్టు తిరిగే కూడలిని ఇంగ్లండులో రౌండబౌట్ అంటారు. "ఎ రౌండబౌట్ వే" అంటే మాత్రం చుట్టుదారి.

ఆల్టర్నేట్, ఆల్టర్నేటివ్ మధ్య కూడా తేడా ఉంది. అమెరికాలో "ఆల్టర్నేట్ రూట్" అంటే వేరే దారి. ఇంగ్లండులో ఆల్టర్నేట్ అంటే ప్రధానంగా ఒకటి విడిచి ఒకటి, రోజు విడిచి రోజు లాగా, కాబట్టి అక్కడ "ఆల్టర్నేటివ్ రూట్" అనడమే సరి. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు ఆల్టర్నేటివ్‌కే అలవాటు పడితే ఎక్కడైనా నడుస్తుంది.

ఐదో మెట్టు: రైలు, విమానం మెసేజ్‌లు చదవడం

కాజీపేట జంక్షన్ పక్కన ఉండి ఈ మాటలు రాకపోతే ఎలా. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు ఎన్నో రైళ్లు రద్దయ్యాయి, మరెన్నో గుంటూరు వైపు నుంచి తిరిగి వెళ్లాయి. ఆ రోజుల్లో ఫోన్లకు వచ్చే మెసేజ్‌లలో "డైవర్టెడ్" అని ఉంటే రైలు నడుస్తుంది కానీ మన స్టేషన్‌కు రాకపోవచ్చు అని అర్థం. "స్కిప్పింగ్ స్టాపేజ్ అట్ వరంగల్" అని ఉంటే ఖాయంగా రాదు. "షార్ట్ టర్మినేటెడ్" అంటే ముందే ఒక చోట ఆపేస్తారు. "రీషెడ్యూల్డ్" అంటే బయల్దేరే టైమే మారింది, దారి మారలేదు. ఈ నాలుగూ తెలిస్తే స్టేషన్‌కు పోవాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలిపోతుంది.

విమానం వాతావరణం బాగాలేక వేరే ఊళ్లో దిగితే అది కూడా "డైవర్టెడ్", డీటూర్ అనరు. "నాన్‌స్టాప్" అంటే ఎక్కడా దిగదు, "డైరెక్ట్" అన్నా మధ్యలో ఒకచోట ఆగవచ్చు, టికెట్ కొనేటప్పుడు చూసుకోండి. మధ్యలో ఎదురుచూసే సమయం లేఓవర్.

ఆరో మెట్టు: రోడ్డు లేని చోట ఇవే మాటలు

ఆఫీసుల్లో ఈ మాటలు రోడ్డు వదిలి వచ్చేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్ ఉంది, సరిచేయడానికి టైం పడుతుంది, అప్పటిదాకా వేరే రకంగా పని జరుపుకుంటే "వర్క్‌అరౌండ్". ఇది మంచి మాటే, ధైర్యంగా వాడండి. "బైపాస్" మాత్రం చూసి వాడాలి, "వీ బైపాస్డ్ ద అప్రూవల్" అంటే అనుమతి తీసుకోకుండా చేశామని ఒప్పుకున్నట్టే. "సర్కమ్‌వెంట్" ఇంకా బరువైన మాట, రూల్‌ను తప్పించుకున్నారని ఆరోపించేటప్పుడు ఎక్కువగా వస్తుంది. మీ గురించి మీరు మెయిల్‌లో రాసుకోకండి.

దొడ్డిదారికి "బ్యాక్ డోర్". నిధులు పక్కదారి పట్టిస్తే "డైవర్షన్ ఆఫ్ ఫండ్స్", పేపర్లలో వచ్చే నిధుల మళ్లింపు. డొంకతిరుగుడుగా మాట్లాడితే "బీటింగ్ అరౌండ్ ద బుష్", ఇంగ్లండులో "అబౌట్ ద బుష్". నొప్పించకుండా చుట్టుతిప్పి చెప్తే "ఇన్ ఎ రౌండబౌట్ వే". మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు సంగతి వదిలేస్తే "ఐ గాట్ సైడ్‌ట్రాక్డ్", ఇంటర్వ్యూలో అలా జరిగితే ఈ ఒక్క మాట అనేసి మళ్లీ ప్రశ్నకు వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక్క మాట దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నాను, "డీవియస్" జోలికి పోకండి. నిఘంటువులో దానికి చుట్టుదారి అనే అర్థం కనిపిస్తుంది, కానీ ఈ రోజుల్లో వినేవాళ్లకు కుటిలమైనది అనే తోస్తుంది. రాతలో పెద్ద మాట కావాలంటే "సర్క్యూయిటస్ రూట్" ఉంది, చాలా మెలికలు తిరిగిన దారికి. మామూలు మాటల్లో అది కూడా అక్కర్లేదు.

ఏడో మెట్టు: మీ సొంత దారి మీద సాధన

మీ ఇంటి నుంచి పనికి పోయే దారి తీసుకోండి. భీమారంలో ఉండి హనుమకొండ చౌరస్తాలో పని చేసేవాళ్లు అనుకుందాం. నయీంనగర్ నాలా మీద బ్రిడ్జి కూలగొట్టి కొత్తది కట్టినన్ని రోజులు ఆ దారిన పోయేవాళ్లంతా చుట్టు తిరిగారు. అది ఇవాళే జరుగుతోందనుకుని ఆఫీసుకు మెసేజ్ పెట్టండి. మొదట కారణం, తర్వాత దారి, చివర టైం, ఈ వరసే పాటించండి. "ద బ్రిడ్జ్ అట్ నయీంనగర్ ఈజ్ క్లోజ్డ్. ఐ హ్యావ్ టు గో అరౌండ్. ఐ విల్ బి ట్వెంటీ మినిట్స్ లేట్." ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు, అయినా చదివినవాళ్లు తిరిగి ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.

తర్వాత అదే సంగతి అమెరికాలో ఉన్న తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లో డీటూర్ వాడి చెప్పండి, ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలికి డైవర్షన్ వాడి చెప్పండి, క్యాబ్ ప్యాసింజర్‌కు వయా వాడి చెప్పండి. పైకి అని చూసుకోండి, మనసులో చదువుకుంటే నాలుక తిరగదు. క్యాబ్ నడిపేవాళ్లకు ఈ మూడో రకం రోజూ అక్కరకొస్తుంది, ప్యాసింజర్ మ్యాప్ చూస్తూ ఎటు పోతున్నావని అనుమానంగా అడిగినప్పుడు, "మేడమ్, దేర్ ఈజ్ ఎ జామ్ అహెడ్, ఐయామ్ గోయింగ్ వయా హంటర్ రోడ్, సేమ్ టైం, ఓకే?" అని ముందే అడిగి, ఆమె సరేనన్నాకే బండి తిప్పండి.